దీప్తి జీవాంజి: కల్లెడ బడి నుంచి పారిస్ ట్రాక్ దాకా

దీప్తి జీవాంజి (జననం: 2003 సెప్టెంబర్ 27) తెలంగాణకు చెందిన పరుగు క్రీడాకారిణి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ ఆమె ఊరు. మేధో వైకల్యం ఉన్నవారికి కేటాయించిన టీ20 విభాగంలో 400 మీటర్లు ఆమె పోటీ. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం అందుకుంది. మేధో వైకల్యం ఉన్న భారతీయులెవరూ అంతకుముందు పారాలింపిక్ పతకం గెలవలేదు.

ఆమె గురించి అచ్చయిన కథనాల్లో చాలావరకు చిన్నప్పుడు పడ్డ మాటల దగ్గరే ఆగిపోయాయి. ఆ మాటలు పడ్డ సంగతి నిజం. ఈ వ్యాసంలోనూ అది వస్తుంది. కానీ పరుగెత్తే మనిషి జీవితాన్ని గడియారం పక్కన పెట్టి రాస్తే సగమే రాసినట్టు. 56.69, 55.07, 55.82, 55.16. రెండేళ్లలో నాలుగు పెద్ద వేదికల మీద దీప్తి నమోదు చేసిన సమయాలివి. వీటిని వరసగా చదవడం తెలిస్తే ఆమె ఎంత గట్టి అథ్లెటో అర్థమవుతుంది. జాలిపడాల్సిన పని ఎక్కడా ఉండదు.

ఊరు, బడి

కల్లెడ పాత వరంగల్ జిల్లా ఊరు. 2016 అక్టోబర్ 11న ఆ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అని ఐదుగా విడిపోయింది. కల్లెడ రూరల్‌లోకి వెళ్లింది. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరుపడింది. 2021లో రూరల్ జిల్లాకు వరంగల్ అని, అర్బన్‌కు హనుమకొండ అని పేర్లు మారాయి. దీప్తి బడికి పోయే వయసులోనే ఊరి చిరునామా ఇన్ని మలుపులు తిరిగింది. పర్వతగిరి మండలం ఇటు వరంగల్‌కు, అటు జనం ఇప్పటికీ మానుకోట అనే పిలుచుకునే మహబూబాబాద్‌కు నడుమ ఉంటుంది. కాగితం మీద గీతలు ఎలా మారినా, క్రీడల లెక్కలో ఇదంతా ఇంకా ఉమ్మడి వరంగల్లే. జనగామ పిల్లలైనా, మానుకోట తండాల పిల్లలైనా, భూపాలపల్లి సింగరేణి కాలనీల పిల్లలైనా సింథటిక్ ట్రాక్ మీద స్పైక్స్ వేసుకుని పరుగెత్తాలంటే ముందుగా గుర్తొచ్చేది హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమే.

ఆ స్టేడియానికి పరుగుల చరిత్రలో సొంత పుట ఒకటి ఉంది. 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుంచి సునీతా రాణి పేరిట ఉన్న జాతీయ రికార్డును తుడిచేసింది. దేశంలో అత్యుత్తమ మధ్యదూరపు పరుగుల్లో ఒకటి కాకతీయుల రాజధానిలో నమోదైందన్న సంగతి ఈ ప్రాంతం వాళ్లకే ఎక్కువమందికి తెలియదు. తెలియాల్సిన సంగతి.

దీప్తి తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఉన్న కొద్దిపాటి భూమి కూడా ఇల్లు గడవడానికి అమ్ముకోవాల్సి వచ్చింది. చిన్నప్పుడు దీప్తి ముఖం చూసి, మాట తీరు చూసి పిచ్చిదని, కోతి అని పిలిచినవాళ్లున్నారని, తీసుకెళ్లి అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారని తల్లి విలేకరులకు చెప్పింది. వదిలేయమన్న ఆ సలహాను తోసిపుచ్చడమే ఈ పరుగులో తొలి అడుగు. ఆ అడుగు వేసింది అమ్మానాన్నలు.

కల్లెడకు ఉన్న బలం అక్కడి బడి. ఎర్రబెల్లి రామ్మోహన్‌రావు స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ 1996లో ఆ ఊళ్లో పాఠశాల తెరిచింది. ఆర్డీఎఫ్ బడి అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆటలకు అక్కడ మొదటి నుంచీ చోటుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత ఈ ఊరి అమ్మాయే, ఈ బడి విద్యార్థినే. ఒక పల్లె నుంచి ఒక ఒలింపియన్, ఒక పారాలింపిక్ పతక విజేత రావడం తెలుగు నేల మీద అరుదు. దీప్తి పరుగులోని వేగం మొదట కంటపడింది కూడా బడి మైదానంలోనే. కనిపెట్టింది పీఈటీ సారు.

పరుగుల ఊరు ఎలా తయారవుతుందో కెన్యా చూసి కొంత నేర్చుకోవచ్చు. రిఫ్ట్ లోయ అంచున దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఇటెన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి సెయింట్ ప్యాట్రిక్స్ హైస్కూల్లో భూగోళ పాఠం చెప్పడానికి 1976లో ఐర్లాండ్ నుంచి బ్రదర్ కోలమ్ ఓకానెల్ వచ్చాడు. కోచింగ్‌లో ఆయనకు ముందు అనుభవం లేదు. పిల్లల పరుగు చూస్తూ చూస్తూ తనే నేర్చుకున్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో ముగించిన డేవిడ్ రుడిషా ఆయన శిష్యుడు. ఎత్తైన నేల, పలచటి గాలి గురించి అందరూ మాట్లాడతారు. ఇటెన్‌లో వాటితో పాటు మూడు ఉన్నాయి: బడి, కళ్లు తెరిచి చూసే ఉపాధ్యాయుడు, పొద్దున్నే లేచి దారి వెంట గుంపుగా పరుగెత్తే తోటివాళ్లు. కల్లెడలో మొదటి రెండూ దీప్తికి దొరికాయి. మూడోదాని కోసం ఊరు విడిచి హైదరాబాద్ పోవాల్సి వచ్చింది. తెలంగాణ పల్లెల్లో వేగమున్న పిల్లలకు నేటికీ కొరత పడుతున్నది ఆ తోడే.

ఖమ్మం నుంచి హైదరాబాద్

2019లో ఖమ్మంలో జరిగిన రాష్ట్రస్థాయి పోటీల్లో దీప్తి పరుగు నాగపురి రమేశ్ కళ్లలో పడింది. భారత క్రీడా ప్రాధికార సంస్థ కోచ్‌గా పనిచేసిన రమేశ్ 2016లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. ఆడవాళ్ల శరీరంలోని హార్మోన్ పాళ్ల మీద పెట్టిన నిబంధన వల్ల 2014లో నిషేధానికి గురై, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లి 2015లో మళ్లీ ట్రాక్ ఎక్కిన ద్యుతీ చంద్‌కు హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చింది ఆయనే. లోకం పక్కకు నెట్టిన అథ్లెట్‌తో ఎలా పనిచేయాలో ఆయనకు అప్పటికే అనుభవం ఉంది.

అమ్మాయిని హైదరాబాద్ పంపమని రమేశ్ అడిగారు. బస్సు చార్జీలకు కూడా వెతుక్కోవాల్సిన ఇల్లది. ఆ అడ్డంకి దాటి దీప్తి నగరం చేరింది. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ చేయూతతో నడిచే గోపీచంద్ మైత్రా ఫౌండేషన్ ఆమె శిక్షణకు అండగా నిలిచింది.

మొదట్లో ఆమె పరుగెత్తింది వైకల్యం లేని జూనియర్లతోనే. అక్కడా వెనకబడలేదు. అయితే చెప్పింది అర్థం చేసుకోవడంలో, ఒకదాని వెంట ఒకటిగా ఇచ్చే సూచనలను గుర్తుపెట్టుకోవడంలో ఆమె ఇబ్బంది పడుతోందని చుట్టూ ఉన్నవాళ్లు గమనించారు. గోపీచంద్ సలహాతో సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థలో పరీక్షలు చేయించారు. 1984లో మొదలైన ఆ సంస్థ దేశంలో ఈ రంగానికి పెద్ద దిక్కు. పల్లెలో పుట్టి పెరిగిన అమ్మాయి తీరుకు ఒక పేరు, ఒక కారణం దొరికింది అక్కడే. ఊరు పెట్టిన పేర్లకు బదులు వైద్యులు పెట్టిన పేరు వచ్చింది. దాంతోపాటు పోటీపడేందుకు ఒక విభాగమూ వచ్చింది.

టీ20 అంటే

పారా అథ్లెటిక్స్‌లో అక్షరం పోటీ రకాన్ని చెబుతుంది, అంకె వైకల్యాన్ని. టీ అంటే ట్రాక్, ఎఫ్ అంటే ఫీల్డ్. 11 నుంచి 13 దాకా చూపుకు సంబంధించినవి, 20 మేధో వైకల్యానిది, ఆపైవి శరీర లోపాలవి. 20లోకి రావాలంటే ప్రజ్ఞాలబ్ధి 75 లేదా అంతకు తక్కువ ఉండాలి. రోజువారీ బతుకులో నెగ్గుకొచ్చే నేర్పుల్లో గణనీయమైన పరిమితి కనిపించాలి. ఇవి ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. మన దగ్గర పెన్షన్ కోసం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ అంతర్జాతీయ పోటీకి చాలదు. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల ప్రపంచ సంస్థ వర్టస్ ఆమోదం కావాలి, ఆ తర్వాత పోటీ వేదిక దగ్గర వర్గీకరణ నిపుణుల ముందు కూర్చోవాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకో తెలియాలంటే 2000 నాటి సిడ్నీకి వెళ్లాలి. మేధో వైకల్యం విభాగంలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. 12 మంది ఆటగాళ్లలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. బయటపెట్టింది ఆ జట్టులోనే రహస్యంగా ఆడిన పాత్రికేయుడు కార్లోస్ రిబగోర్దా. పతకాలు వెనక్కి పోయాయి. అసలు శిక్ష మాత్రం ఏ తప్పూ చేయనివాళ్ల మీద పడింది. 2004 ఏథెన్స్‌లో, 2008 బీజింగ్‌లో మేధో వైకల్యం ఉన్నవారి పోటీలను పూర్తిగా తీసేశారు. ఒక తరం అథ్లెట్ల యవ్వనం అలా ట్రాక్ బయటే కరిగిపోయింది. 2012 లండన్‌లో మళ్లీ తలుపు తెరిచినా అథ్లెటిక్స్‌లో 1500 మీటర్లు, లాంగ్ జంప్, షాట్‌పుట్ మాత్రమే పెట్టారు. మహిళల 400 మీటర్లు 2016 రియోలో చేరింది. దీప్తి కొన్నేళ్లు ముందు పుట్టి ఉంటే ఆమెకు పారాలింపిక్స్‌లో పరుగెత్తే పోటీయే ఉండేది కాదు.

రియోలో ఆ తొలి స్వర్ణం అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ 57.79 సెకన్లతో గెలిచింది. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో 55.18కి, 2023 పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 55.12కి ప్రపంచ రికార్డును దించింది. ఆమె తల్లి రోసలిన్ బ్రయంట్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 4 x 400 రిలే రజత విజేత. కల్లెడ కూలీల బిడ్డ దాటాల్సిన గీతను గీసింది ఒలింపియన్ కూతురు.

నాలుగు వందల మీటర్లు

అథ్లెట్లు బాగా భయపడే దూరాల్లో ఇదొకటి. 100 మీటర్లను ఉన్న శక్తంతా ఒక్కసారి పోసి పరుగెత్తవచ్చు. 1500లో ఊపిరి చూసుకుంటూ లెక్క వేసుకోవచ్చు. 400లో రెండూ కుదరవు. 55 సెకన్లలో ముగించాలంటే సెకనుకు 7 మీటర్లకు పైగా వేగం నిలబెట్టాలి. కండరాలకు కావలసిన ప్రాణవాయువు సగం దూరానికే సరిపోకుండా పోతుంది. 300 మీటర్ల గుర్తు దాటాక కాళ్లు సీసం పోసినట్టు బరువెక్కుతాయి. మొదటి 200 మీటర్లు కాస్త ఎక్కువ వేగంగా పోతే చివరి 80 మీటర్లలో దాని అప్పు తీర్చాల్సి వస్తుంది. తక్కువగా పోతే ముందున్నవాళ్లు దొరకరు. లేన్లు మెట్లమెట్లుగా మొదలవుతాయి కనుక బయటి లేన్‌లో ఉన్న మనిషికి చివరి మలుపు దాకా పక్కవాళ్లు కనిపించరు.

అంటే ఇది కాళ్ల పోటీ ఎంతో, వేగాన్ని పంచుకునే తీర్పు పోటీ కూడా అంతే. మేధో వైకల్యం దెబ్బతీసేది సరిగ్గా ఆ తీర్పునే. ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఆలోచనతో తేల్చుకోవడం కష్టమైన మనిషికి అది ఒంటికి అలవాటు కావాలి. అందుకు వందల సార్లు అదే మలుపు, అదే దూరం, అదే లయ. దీప్తి పరుగులో కనిపించే నిలకడ వెనక ఆమె ఓర్పుతో పాటు కోచ్ ఓర్పూ ఉంది. టీ20 విజేతను చూసి శరీరం బాగానే ఉంది కదా అనేవాళ్లు ఈ కష్టాన్ని చూడలేకపోతున్నారు.

హాంగ్జౌ, కోబె, పారిస్

అంతర్జాతీయ వర్గీకరణ కోసం 2022లో దీప్తి మొరాకో వెళ్లింది. ఆ ఏడాది చివర్లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో వర్టస్ ఓషియానియా ఆసియా క్రీడల్లో 400 మీటర్ల స్వర్ణం గెలిచింది.

తర్వాత చైనాలోని హాంగ్జౌ. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2023 అక్టోబర్‌లో జరిగిన ఆసియా పారా క్రీడలవి. అక్టోబర్ 24న దీప్తి 56.69 సెకన్లలో గీత దాటింది. అది ఆ క్రీడల రికార్డు, ఆసియా రికార్డు. భారత్ ఆ క్రీడల్లో తొలిసారి నూరు దాటి 111 పతకాలు తెచ్చింది. అందులో ఒక బంగారం కల్లెడది. ఆ గెలుపుతో వచ్చిన నగదుతో అమ్మేసిన పొలాన్ని ఇంటివాళ్లు మళ్లీ కొనుక్కున్నారు. పోయిన నేలను కూతురి పరుగు తిరిగి తెచ్చింది. వ్యవసాయం చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ మాట బరువు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఏడు నెలల తర్వాత కోబె. 2024 మే 20 ఫైనల్లో 55.07. హాంగ్జౌ సమయం కంటే 1.62 సెకన్లు తక్కువ. ట్రాక్ మీద దూరంగా మార్చి చూస్తే 11 మీటర్లకు పైనే. అంటే హాంగ్జౌలో పరుగెత్తిన దీప్తి కోబెలో కూడా పక్క లేన్‌లో ఉండి ఉంటే, కోబె దీప్తి కంటే అన్ని మీటర్లు వెనక ఉండేది. ఒక్క శీతాకాలం, ఒక్క ఎండాకాలం శిక్షణలో ఇంత తగ్గించడం ఆ స్థాయి పరుగులో చాలా పెద్ద విషయం. క్లార్క్ రికార్డు 0.05 సెకన్ల తేడాతో, మన లెక్కలో అడుగు పైచిలుకు దూరంతో చెరిగింది. టర్కీకి చెందిన ఐసెల్ ఓండర్ 55.19తో రెండో స్థానంలో, ఈక్వెడార్‌కు చెందిన లిజాన్‌షెలా అంగులో 56.68తో మూడో స్థానంలో నిలిచారు. మూడో స్థానం సమయాన్ని గమనించండి. ఏడు నెలల ముందు ఆసియాలో స్వర్ణం తెచ్చిన 56.69 ఇక్కడ పతకానికి 0.01 సెకను దూరంలో ఆగిపోయేది. దీప్తి పోటీపడుతున్న బృందం అంత పదునైనది.

ఆ పదును పారిస్‌లో ఇంకా పెరిగింది. 2024 సెప్టెంబర్ 2న హీట్స్‌లో ఓండర్ 54.96 పరుగెత్తి, 55 సెకన్ల గోడను దాటి, దీప్తి రికార్డును చెరిపేసింది. ఆ రికార్డు నిలిచింది 105 రోజులు. మరుసటి రోజు స్టాడ్ డి ఫ్రాన్స్‌లో ఫైనల్. ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షులియార్ 55.16తో స్వర్ణం, ఓండర్ 55.23తో రజతం, దీప్తి 55.82తో కాంస్యం. ప్రపంచ రికార్డు హోదాతో వెళ్లి మూడో స్థానమా అని నిట్టూర్చినవాళ్లున్నారు. హీట్‌లో రికార్డు బద్దలు కొట్టిన ఓండర్ కూడా ఫైనల్లో తన సమయాన్ని అందుకోలేకపోయింది. మొదటికీ మూడోకీ తేడా 0.66 సెకను, దాదాపు 5 మీటర్లు. తొలి పారాలింపిక్స్‌లో, నిండు స్టేడియంలో, 20 ఏళ్ల అమ్మాయి ఒక్క రోజు తేడాతో రెండు సార్లు 56 సెకన్లలోపు పరుగెత్తింది. ఈ కాంస్యాన్ని తక్కువ చేయడం పరుగు తెలియకపోవడమే.

పారిస్ పారాలింపిక్స్‌లో భారత్ 29 పతకాలు గెలిచింది. వాటిలో పరుగు పోటీల్లో వచ్చినవి నాలుగు: ప్రీతి పాల్‌కు టీ35 విభాగం 100, 200 మీటర్లలో రెండు, దీప్తికి ఒకటి, సిమ్రన్ శర్మకు టీ12 విభాగం 200 మీటర్లలో ఒకటి. నాలుగూ కాంస్యాలే, నాలుగూ అమ్మాయిలు తెచ్చినవే. అంతకుముందు పారాలింపిక్ పరుగుల్లో భారత్ ఖాతా తెరవనే లేదు.

పతకం తర్వాత తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్ 2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. కోచ్ రమేశ్‌కు 10 లక్షలు ప్రకటించింది. 2025 జనవరి 17న రాష్ట్రపతి చేతుల మీదుగా దీప్తి అర్జున పురస్కారం అందుకుంది.

ఢిల్లీ

2025 ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ తొలిసారి భారత్‌కు వచ్చింది. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సెప్టెంబర్ 27న పోటీలు మొదలయ్యాయి. అది దీప్తి 22వ పుట్టినరోజు. ఆ రోజే ఆమె ఫైనల్. ఓండర్ స్వర్ణం ఎగరేసుకుపోయింది. దీప్తి 55.16తో రజతం గెలిచింది.

అంతకు ఏడాది ముందు పారిస్‌లో షులియార్‌కు బంగారం తెచ్చిన సమయం సరిగ్గా అదే, 55.16. పారిస్‌లోని తన పరుగు కంటే దీప్తి 0.66 సెకను ముందుకు వచ్చింది. ఓండర్ అంతకంటే ముందుకు జరిగింది. కోబెలో వీళ్లిద్దరి మధ్య ఉన్న దూరం ఒక మీటరు కూడా లేదు, ముందున్నది దీప్తి. పారిస్, ఢిల్లీల్లో ముందున్నది ఓండర్.